ఆమోస్ అలోంజో స్టాగ్: ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ తొలి రోజుల కోచ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా కాలేజీ ఆటల పాత చరిత్ర గురించి ఎప్పుడు మాట్లాడినా స్టాగ్ పేరు దగ్గర అవే సందేహాలు వస్తున్నాయి. బాస్కెట్‌బాల్ కనిపెట్టింది ఆయనేనా, డెబ్బై ఏళ్ళకి ఉద్యోగం ఎందుకు పోయింది, అణుబాంబుకీ ఆయన గ్రౌండ్‌కీ సంబంధం ఏమిటి, ఇలా. ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమవుతుంది. ఈ మనిషి మీద నాకు చాలా గౌరవం ఉంది, ఆ సంగతి దాచను. అలాగని ఆయన పొరపాట్లని వదిలేయలేదు.

## ముందు తెలియాల్సినవి

స్టాగ్ ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి

1862 ఆగస్టు 16న న్యూజెర్సీ రాష్ట్రంలోని వెస్ట్ ఆరెంజ్‌లో పుట్టారు. 1965 మార్చి 17న కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో పోయారు, అప్పటికి ఆయనకి 102 ఏళ్ళు. కాలేజీ ఫుట్‌బాల్‌లో 57 సీజన్లు హెడ్ కోచ్‌గా చేశారు: స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రెండు, షికాగో యూనివర్సిటీలో నలభై ఒకటి, కాలేజ్ ఆఫ్ ద పసిఫిక్‌లో పద్నాలుగు. బాస్కెట్‌బాల్ పుట్టినప్పుడు అది పుట్టిన కాలేజీలోనే పనిచేస్తున్నారు, తర్వాత ఆ ఆటని షికాగోకి తీసుకెళ్ళారు. అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు పుట్టిన మనిషి టీవీలు వచ్చిన కాలంలో కూడా కుర్రాళ్ళకి బంతి తన్నడం నేర్పుతూ ఉన్నారంటే ఎంత పొడుగు జీవితమో చూడండి.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మెస్సీ ఆడేదేనా?

కాదు, ఇది అమెరికన్ ఫుట్‌బాల్. కోడిగుడ్డులా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, ఎదుటి జట్టు వాళ్ళు పట్టి పడేస్తారు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి అందరూ కలిసి పట్టేసే క్షణం ఉంటుంది చూశారా, ఆ రోజుల్లో ఈ ఆట మొత్తం దాదాపు అలాగే నడిచేది. రగ్బీ నుంచి దీన్ని విడదీసి సొంత రూపం ఇచ్చినవాళ్ళలో ముఖ్యుడు యేల్ యూనివర్సిటీకి చెందిన వాల్టర్ క్యాంప్, స్టాగ్ ఆయన దగ్గరే ఆట నేర్చుకున్నారు. 1906 దాకా బంతిని ముందుకి విసరడమే నిషేధం. హెల్మెట్ పెట్టుకోవాలన్న రూల్ కూడా లేదు.

రెండు ఆటలకీ ఒకే మనిషి కోచ్ ఎలా అవుతాడు?

మన హైస్కూళ్ళలో ఒక్క పీఈటీ సారే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, చివరికి ఆగస్టు పదిహేను పరేడ్ కూడా చూసుకుంటారు కదా, అప్పట్లో అమెరికా కాలేజీల్లోనూ అంతే. ఆకులు రాలే కాలంలో ఫుట్‌బాల్, మంచు పడితే జిమ్‌లో బాస్కెట్‌బాల్, ఎండలు మొదలైతే బేస్‌బాల్, పరుగు పందేలు. ఒక్కో ఆటకి ఒక్కో స్పెషలిస్టు కోచ్ అనే పద్ధతి తర్వాత వచ్చింది. స్టాగ్ షికాగోలో ఫుట్‌బాల్‌తో పాటు దాదాపు ఇరవై ఏళ్ళు బేస్‌బాల్ జట్టుని చూశారు, పరుగు పందేల జట్టుని చూశారు, ఒక సీజన్ బాస్కెట్‌బాల్ జట్టుకి హెడ్ కోచ్‌గా కూడా చేశారు.

## చదువుకునే రోజులు

పేదింటి పిల్లాడు యేల్ లాంటి చోటికి ఎలా చేరాడు?

కష్టపడి, ఆలస్యంగా చేరారు. ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు, వాళ్ళలో ఆయన అయిదోవారు. తండ్రి బూట్లు కుట్టేవారు, దొరికిన కూలి పనికీ వెళ్ళేవారు. హైస్కూల్ అయ్యాక ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీలో కొంతకాలం చదివి, ఇరవై రెండేళ్ళ వయసులో యేల్‌లో అడుగుపెట్టారు. అక్కడ కూడా చేతిలో డబ్బుల్లేక సరిగ్గా తినకుండా, చలికి ఓర్చుకుంటూ చదివిన రోజులున్నాయి. తర్వాత జీవితమంతా ఆయన డబ్బు విషయంలో అంత పట్టుదలగా, పిసినారి అనిపించేంత జాగ్రత్తగా ఉండడానికి కారణం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆడమని డబ్బిస్తామన్నా వద్దన్నాడట, నిజమేనా?

నిజమే. యేల్‌లో ఆయనకి ముందు పేరొచ్చింది బేస్‌బాల్ పిచర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా. ప్రొఫెషనల్ జట్లు పిలిచాయి. ఆయన వెళ్ళలేదు. ప్రొఫెషనల్ ఆట చుట్టూ ఉండే తాగుడు వాతావరణం ఆయనకి నచ్చలేదు, పైగా అప్పటికి పాస్టర్ అవుదామన్న ఆలోచనలో ఉన్నారు. చేతిలో పైసా లేని కుర్రాడు అంత డబ్బుని కాదనడం చిన్న విషయం కాదు.

ఆటగాడిగా ఆయన స్థాయి ఏమిటి? కోచ్‌గానే కదా పేరు?

ఆటగాడిగా కూడా అగ్రశ్రేణే. 1888 యేల్ ఫుట్‌బాల్ జట్టులో ఉన్నారు. ఆ జట్టు 13 మ్యాచ్‌లూ గెలిచింది, మొత్తం 698 పాయింట్లు చేసింది, ఎదుటివాళ్ళకి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. మరుసటి ఏడాది, 1889లో, దేశం మొత్తంలోంచి ఏరిన మొట్టమొదటి ఆల్ అమెరికా జట్టులో ఎండ్ స్థానానికి, అంటే వరుస చివర ఆడే చోటికి, ఎంపికయ్యారు. మనిషి మాత్రం పొట్టి, గట్టిగా ఉండేవారు. 1951లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ తొలి బృందంలో ఆయన్ని ఆటగాడిగానూ కోచ్‌గానూ రెండు రకాలుగా చేర్చుకున్నారు.

పాస్టర్ కావాల్సిన మనిషి కోచ్ ఎందుకయ్యాడు?

యేల్‌లో డిగ్రీ అయ్యాక అక్కడే దైవశాస్త్రం చదవడం మొదలుపెట్టారు. కానీ పదిమంది ముందు నిలబడి మాట్లాడడం ఆయన వల్ల కాలేదు, మాట తడబడేది. ప్రసంగం చెయ్యలేని పాస్టర్ ఎందుకు పనికొస్తాడు అనుకుని వదిలేశారు. అలా వదిలేసినా ఆ భక్తి పోలేదు. పల్పిట్ మీద నుంచి చెప్పలేనిది గ్రౌండ్‌లో నేర్పగలను అనుకున్నారు, కోచింగ్‌ని అచ్చంగా అదే పనిగా చూశారు. నన్నడిగితే స్టాగ్ జీవితంలో మిగతావన్నీ ఈ ఒక్క విషయం నుంచే వచ్చాయి: మందు, సిగరెట్ ముట్టకపోవడం, బూతు మాట్లాడకపోవడం, ఎక్కువ జీతం వేరే చోట దొరుకుతుందన్నా కదలకపోవడం, రిటైర్ అవ్వమంటే ఒప్పుకోకపోవడం.

## స్ప్రింగ్‌ఫీల్డ్: 1890 నుంచి 1892

బాస్కెట్‌బాల్ కనిపెట్టింది స్టాగా, నెయిస్మితా?

జేమ్స్ నెయిస్మిత్. ఇందులో అనుమానమే లేదు. మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ వాళ్ళ ట్రైనింగ్ స్కూల్ ఉండేది, అక్కడ 1891 డిసెంబర్‌లో, చలికాలంలో జిమ్ లోపల ఆడుకోవడానికి ఏదైనా కొత్త ఆట కావాలని పైఅధికారి లూథర్ గ్యూలిక్ అడిగితే, నెయిస్మిత్ 13 రూల్స్ రాసి, బాల్కనీకి రెండు పీచ్ పళ్ళ బుట్టలు కొట్టించి ఆట మొదలుపెట్టారు. క్లాసులో 18 మంది ఉన్నారు కాబట్టి జట్టుకి తొమ్మిది మంది. స్టాగ్ అప్పుడు అదే స్కూల్లో పనిచేస్తున్నారు. అంతమాత్రాన కనిపెట్టడంలో ఆయనకి వాటా ఇవ్వకూడదు, ఆయన కూడా ఎప్పుడూ అడగలేదు.

మరి వాళ్ళిద్దరి సంబంధం ఏమిటి?

స్టాగ్ 1890లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చేరి ఫుట్‌బాల్ జట్టుని తయారుచేస్తే, ఆ జట్టులో సెంటర్‌గా, అంటే వరుస మధ్యలో నిలబడి బంతి అందించేవాడిగా, ఆడింది నెయిస్మిత్. అంటే బాస్కెట్‌బాల్ కనిపెట్టినాయన స్టాగ్ దగ్గర ఫుట్‌బాల్ ఆటగాడు. వయసులో తేడా లేదు, నెయిస్మిత్ సుమారు ఏడాది పెద్ద కూడా. నన్ను సెంటర్‌లో ఎందుకు పెట్టావని నెయిస్మిత్ అడిగితే, ఎంత మొరటు పనైనా పెద్దమనిషి తరహాలో చెయ్యగలవు కాబట్టి అని స్టాగ్ అన్నారట. నెయిస్మిత్ కూడా దైవశాస్త్రం చదివి ఆటల వైపు వచ్చినవారే. ఇద్దరిదీ ఒకే దారి.

మొదటి బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో స్టాగ్ ఆడాడా?

జనం ముందు ఆడిన మొదటి మ్యాచ్‌లో ఆడారు. 1892 మార్చి 11న స్ప్రింగ్‌ఫీల్డ్ జిమ్‌లో విద్యార్థులకీ టీచర్లకీ పోటీ పెట్టారు, సుమారు రెండు వందల మంది చూడ్డానికి వచ్చారు. విద్యార్థులు 5–1 తేడాతో గెలిచారు. టీచర్ల వైపు వచ్చిన ఆ ఒక్క పాయింటు స్టాగ్ చేసిందే. దానికి ముందు క్లాసులో ఆడిన ఆటల్ని లెక్కలోకి తీసుకుంటే ఇది మొదటిది కాదు, అందుకే జనం ముందు అన్న మాట కలిపి చెప్పాలి.

ఇన్‌డోర్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఏదో ఆడించాడట, అదేమిటి?

1890 డిసెంబర్‌లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, కప్పు కింద, తన స్ప్రింగ్‌ఫీల్డ్ జట్టుని తను చదువుకున్న యేల్ మీదికే దింపారు. యేల్ 16–10తో గెలిచింది. అప్పుడే పెట్టిన చిన్న ట్రైనింగ్ స్కూల్ జట్టు దేశంలో అతి బలమైన జట్టుని అంత దగ్గరగా తీసుకురావడమే గొప్ప. ఆరేళ్ళ తర్వాత, 1896లో, షికాగో కొలిసియంలో మిషిగన్‌తో ఇంకో ఇన్‌డోర్ మ్యాచ్ ఆడి 7–6తో గెలిచారు. కరెంటు దీపాలు వెలిగించి ఆడిన మ్యాచ్ అది.

## షికాగోలో నలభై ఒక్క ఏళ్ళు

కోచ్‌కి ప్రొఫెసర్ ఉద్యోగం ఇవ్వడం ఏమిటండీ?

చాలామంది పట్టించుకోరు గానీ ఆయన కెరీర్‌లో ముఖ్యమైన సంగతి ఇదే. షికాగో యూనివర్సిటీ తలుపులు తెరిచింది 1892 అక్టోబర్‌లో. చమురు కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ డబ్బు, కొత్త భవనాలు, పేరు మాత్రం ఇంకా లేదు. మొదటి ప్రెసిడెంట్ విలియం రెయినీ హార్పర్ అంతకుముందు యేల్‌లో హీబ్రూ చెప్పేవారు, స్టాగ్ ఆయన దగ్గర చదువుకున్నారు. హార్పర్ పిలిచి, ఏడాదికి 2,500 డాలర్ల జీతంతో, వ్యాయామ విద్యా శాఖకి అధిపతిగా, అసోసియేట్ ప్రొఫెసర్ హోదా ఇచ్చి తీసుకున్నారు. అప్పటిదాకా కోచ్ అంటే పాత విద్యార్థి ఎవరో సీజన్‌కి వచ్చి నేర్పి వెళ్ళేవాడు, లేదా జట్టు కెప్టెనే చూసుకునేవాడు. ఓడిపోతే పంపించేయలేని, మిగతా ప్రొఫెసర్లతో పాటు కూర్చునే కోచ్ అనేది కొత్త సంగతి.

దీనివల్ల మంచి జరిగింది, చెడూ జరిగింది. మంచి ఏమిటంటే ఆటలు నేర్పేవాడు కూడా గురువే అని ఒక యూనివర్సిటీ రాతపూర్వకంగా ఒప్పుకుంది. చెడు ఏమిటంటే, టికెట్ల డబ్బు దండిగా వచ్చే శాఖ ఆయన చేతిలో ఉండిపోయింది, ప్రెసిడెంట్ అండ ఉంది, మిగతా అధ్యాపకులు ప్రశ్నించినా పెద్దగా సాగేది కాదు. ఇవాళ అమెరికా కాలేజీల్లో ఫుట్‌బాల్ కోచ్‌కి ఉండే బలం చూసి ఆశ్చర్యపోయేవాళ్ళు దాని మూలం 1892 షికాగోలో వెతకొచ్చు.

కోచే స్వయంగా ఆడేవాడట! అది రూల్స్‌కి విరుద్ధం కాదా?

అప్పుడు అంత గట్టి రూల్స్ లేవు. మొదటి సీజన్లో ఆటగాళ్ళు చాలక తనే జెర్సీ వేసుకుని దిగారు. ముప్పై ఏళ్ళ ప్రొఫెసర్ పద్దెనిమిదేళ్ళ పిల్లలతో కలిసి ఆడాడని ఇవాళ వింటే వింతే. ఎవరు ఆడొచ్చు, ఎన్నేళ్ళు ఆడొచ్చు అన్నది తేల్చడానికే ఆ చుట్టుపక్కల యూనివర్సిటీలు 1896లో కలిసి ఒక కాన్ఫరెన్స్ పెట్టుకున్నాయి, ఇవాళ బిగ్ టెన్ అంటున్నది దాన్నే. షికాగో అందులో మొదటి సభ్యుల్లో ఒకటి.

బాస్కెట్‌బాల్‌లో అయిదుగురు ఆడే పద్ధతి ఈయన పెట్టిందేనా?

పెట్టింది ఈయన ఒక్కరే అనలేం, కానీ దాన్ని నిలబెట్టినవాళ్ళలో ముందుంటారు. మొదట్లో జట్టుకి ఏడుగురు, తొమ్మిది మంది, జిమ్ పెద్దదైతే ఇంకా ఎక్కువ. 1896 జనవరి 18న షికాగో జట్టు అయోవా సిటీకి వెళ్ళి అయోవా జట్టుతో అయిదుగురు చొప్పున ఆడింది, 15–12తో గెలిచింది. రెండు జట్లూ సబ్‌స్టిట్యూట్ అన్న మాట లేకుండా అదే అయిదుగురితో ఆట ముగించాయి. కాలేజీల మధ్య అయిదుగురి బాస్కెట్‌బాల్‌కి దీన్నే మొదటి మ్యాచ్‌గా లెక్కపెడుతున్నారు. ఇప్పుడు మన ఊళ్ళో సిమెంటు కోర్టు మీద ఆడే పిల్లలు కూడా అయిదుగురే కదా.

బాస్కెట్‌బాల్ కోచ్‌గా ఆయన రికార్డు ఎంత?

హెడ్ కోచ్‌గా ఒక్క సీజనే, 1920–21. 14 గెలుపులు, 6 ఓటములు. ఇంతేనా అని చాలామంది నిరాశపడతారు. కానీ 1959లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మొట్టమొదటి బృందంలో ఆయన్ని చేర్చుకున్నది ఈ గెలుపోటముల లెక్క చూసి కాదు. ఆట పుట్టిన చోటి నుంచి దాన్ని మధ్య పశ్చిమ రాష్ట్రాలకి మోసుకెళ్ళారు, అయిదుగురి పద్ధతిని ఆడించి చూపించారు. ఇంకొకటి, 1917లో మొదలుపెట్టి 1930 దాకా, మధ్యలో యుద్ధం రోజుల్లో ఆగినా, దేశం నలుమూలల నుంచి హైస్కూల్ జట్లని షికాగోకి పిలిచి బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ నడిపారు. పల్లెటూరి స్కూల్ పిల్లలు రైలెక్కి షికాగో వచ్చి ఆడి వెళ్ళారు. నాకైతే ఆ 14–6 కంటే ఇదే పెద్ద పని.

1905లో మిషిగన్‌ని 2–0తో ఓడించడం అంత గొప్పేమిటి? స్కోరు చూస్తే ఏమీ లేదు

మిషిగన్ అప్పటికి 56 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగదు. ఫీల్డింగ్ యోస్ట్ కోచింగ్‌లో నిమిషానికి ఒక పాయింటు చేసే జట్టని పేరు. 1905 నవంబర్ 30, థాంక్స్‌గివింగ్ రోజు, షికాగోలో సుమారు 27 వేల మంది జనం. రెండు వైపులా ఎవరూ గీత దాటలేకపోతున్నారు. షికాగో క్వార్టర్‌బ్యాక్ (జట్టు ఆటని నడిపించేవాడు) వాల్టర్ ఎకర్‌సాల్ తన్నిన బంతిని మిషిగన్ ఆటగాడు తన గోల్ గీత వెనక పట్టుకుని, అక్కడే ఆగకుండా బయటికి పరిగెత్తబోయాడు. షికాగో వాళ్ళు వాణ్ణి పట్టి మళ్ళీ గీత వెనక్కి నెట్టి పడేశారు. దాన్ని సేఫ్టీ అంటారు, రెండు పాయింట్లు. మ్యాచ్ మొత్తం మీద అంతే. షికాగో ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, జాతీయ చాంపియన్ అని తర్వాతి లెక్కలు కట్టినవాళ్ళు చెప్పారు. అంతసేపు తోసుకుని చివరికి ఒక్క పొరపాటు మీద తేలిపోవడం, ఆ కాలపు ఆట ఎలా ఉండేదో ఇంతకంటే బాగా చెప్పే మ్యాచ్ ఇంకోటి లేదు.

అదే ఏడాది ఆటగాళ్ళు చనిపోయారని, ఆటనే ఆపేద్దామనుకున్నారని విన్నాను

అవును. 1905లో అమెరికా అంతటా ఫుట్‌బాల్ ఆడుతూ పద్దెనిమిది మందికి పైగా కుర్రాళ్ళు చనిపోయారని పత్రికలు లెక్కగట్టాయి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ అక్టోబర్‌లోనే హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళని వైట్‌హౌస్‌కి పిలిచి ఆట బాగుచేసుకోమన్నారు. కొలంబియా ఆట మానేసింది, స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా రగ్బీకి మారిపోయాయి. షికాగో ఉన్న కాన్ఫరెన్స్ 1906లో సీజన్‌ని అయిదు మ్యాచ్‌లకి కుదించింది. రూల్స్ కూడా మార్చారు: బంతిని ముందుకి విసరొచ్చు, మూడు ప్రయత్నాల్లో అయిదు గజాలకి బదులు పది గజాలు పోవాలి. గుంపుగా తోసుకోవడం తగ్గడానికే ఇదంతా. రూల్స్ కమిటీలో స్టాగ్ ఏళ్ళ తరబడి ఉన్నారు, ముందుకి పాస్ వేయడాన్ని చాలామంది కోచ్‌లు అనుమానంగా చూస్తే ఆయన వెంటనే దాని చుట్టూ ఎత్తులు తయారుచేసుకున్నారు.

హడిల్ (ఎత్తు వేసే ముందు జట్టంతా గుంపుగా చేరి మాట్లాడుకోవడం) లాంటివన్నీ స్టాగే కనిపెట్టాడంటారు. ఎంతవరకు నమ్మొచ్చు?

కొంత నమ్మొచ్చు, కొంత జాగ్రత్త పడాలి. పరుపు చుట్టి వేలాడదీసి, దాన్ని గుద్దుతూ టాక్లింగ్ (ఎదుటివాణ్ణి పట్టి పడేయడం) ప్రాక్టీసు చేయించడం ఆయన యేల్‌లో ఉండగానే మొదలుపెట్టారు. రివర్స్ (ఒకవైపు వెళ్తున్న ఆటని హఠాత్తుగా రెండో వైపుకి తిప్పడం), మ్యాన్ ఇన్ మోషన్ (ఆట మొదలయ్యే ముందే ఒక ఆటగాడు కదలడం) లాంటి ఎత్తుల్లో ఆయన చెయ్యి గట్టిగానే ఉంది. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ కేజ్ (బ్యాటింగ్ ప్రాక్టీసు కోసం కట్టే వల గది) కూడా ఆయన పేరనే చెబుతారు. హడిల్ విషయంలో మాత్రం వాషింగ్టన్‌లోని గాలొడెట్ అనే బధిరుల కాలేజీ ఆటగాళ్ళు 1890లలోనే గుంపుగా చేరి, తమ చేతి సైగలు ఎదుటి జట్టుకి కనపడకుండా మాట్లాడుకున్నారన్న చరిత్ర ఉంది, ఆ గౌరవం వాళ్ళకి ఇవ్వాలి. నోటర్ డేమ్ కోచ్ క్నూట్ రాక్నీ అంతటివాడు ఫుట్‌బాల్ అంతా స్టాగ్ దగ్గర్నుంచే వచ్చిందన్నాడు. అది అభిమానంతో అన్న మాట, లెక్క కాదు.

ఎప్పుడూ తిట్టేవాడు కాదట, మరి జట్టుని ఎలా అదుపులో పెట్టాడు?

బూతు ఎప్పుడూ వాడలేదు. ఆయన నోటి నుంచి వచ్చే అతి పెద్ద తిట్టు గాడిద. మరీ కోపమొస్తే డబల్ గాడిద. ఆ మాట పడకుండా సీజన్ గడిపిన ఆటగాడు అరుదు. అంత మృదువుగా ఉన్నారని అనుకోకండి, ప్రాక్టీసులో చాలా కఠినం, చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పి, చేసిందే చేయించేవారు. తను తాగరు, పొగ తాగరు, జట్టులో వాళ్ళూ అలాగే ఉండాలి. తను పాటించనిది పిల్లలకి చెప్పలేదు కాబట్టి మాట చెల్లింది.

ఆయన భార్య కూడా ఫుట్‌బాల్ పనిచేసేదట?

స్టెల్లా రాబర్ట్‌సన్ షికాగో యూనివర్సిటీ విద్యార్థిని. 1894లో పెళ్ళయింది. స్టాండ్స్‌లో కూర్చుని ఏ ఎత్తు ఎటు పోయిందో కాగితం మీద గీసి పెట్టేవారు, ఎదుటి జట్ల ఆట చూసొచ్చి వివరాలు చెప్పేవారు. ఇవాళ దీన్నే స్కౌటింగ్ అంటున్నారు, జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటున్నారు. ఆమె డెబ్బై ఏళ్ళ కాపురంలో చాలా భాగం ఆ పని చేశారు. 1964లో ఆమె పోయారు, ఎనిమిది నెలల లోపే ఆయనా పోయారు. ఇద్దరు కొడుకులూ కోచ్‌లే అయ్యారు.

ఆటగాళ్ళ చదువు సంగతి ఏమిటి? గురువు అంటున్నారు కదా

ఇక్కడ ఆయన తప్పించుకోలేరు. ఎకర్‌సాల్ మూడుసార్లు ఆల్ అమెరికా ఆటగాడు, తర్వాత షికాగో ట్రిబ్యూన్‌లో పేరున్న క్రీడా విలేకరి, కానీ షికాగో యూనివర్సిటీ నుంచి డిగ్రీ లేకుండానే బయటికి వెళ్ళాడు. మంచి హైస్కూల్ ఆటగాళ్ళని తన దగ్గరికి రప్పించుకోవడానికి స్టాగ్ గట్టిగా పనిచేసేవారు, ఆ హైస్కూల్ టోర్నమెంట్లు కూడా అందుకు పనికొచ్చాయి. శీలం గురించి అంత పట్టింపు ఉన్న మనిషి, గ్రౌండ్‌లో గొప్పగా ఆడే కుర్రాడు క్లాసులో వెనకబడుతుంటే ఇంకా గట్టిగా పట్టించుకోవాల్సింది. ఆయన్ని ప్రేమించేవాళ్ళకి కూడా ఇది బాధగానే ఉంటుంది.

షికాగో నిజంగా ఒకప్పుడు అంత పెద్ద జట్టా?

అంత పెద్దదే. ఏడుసార్లు కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచింది: 1899, 1905, 1907, 1908, 1913, 1922, 1924. ఆఖరిసారి గెలిచిన ఏడాది ఇల్లినాయ్ తరఫున రెడ్ గ్రేంజ్ ఆడుతున్నాడు, ఆపడం ఎవరి వల్లా కావట్లేదు. స్టాగ్ పన్నిన ఎత్తు సింపుల్: బంతి మన దగ్గరే ఉంచుకుందాం, గ్రేంజ్ చేతికి వెళ్ళనివ్వొద్దు. చివరికి 21–21తో డ్రా అయింది. ఆ తర్వాత జట్టు పడిపోతూ వచ్చింది, పక్క రాష్ట్రాల ప్రభుత్వ యూనివర్సిటీలు వేల మంది విద్యార్థులతో పెరిగిపోతే షికాగో చదువుల వైపు మళ్ళింది.

## డెబ్బై తర్వాత

నలభై ఏళ్ళు పనిచేసిన మనిషిని ఎందుకు పంపించేశారు?

వయసు డెబ్బై నిండింది, యూనివర్సిటీ రూల్ ప్రకారం రిటైర్ అవ్వాలి. అప్పటి ప్రెసిడెంట్ రాబర్ట్ మేనార్డ్ హచిన్స్ వయసులో చిన్నవాడు, ఫుట్‌బాల్ మీద ఆసక్తి లేనివాడు. వేరే గౌరవ పదవి ఏదో ఇస్తామన్నారు. కోచింగ్ లేని కుర్చీ నాకొద్దన్నారు స్టాగ్. 1932 సీజన్‌తో షికాగో కథ ముగిసింది. రూల్ రూలే కావచ్చు, నాకు మాత్రం ఈ భాగం చదివినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది.

అంత వయసులో వేరే చోట ఉద్యోగం ఎవరిచ్చారు?

కాలిఫోర్నియా రాష్ట్రం స్టాక్టన్‌లోని కాలేజ్ ఆఫ్ ద పసిఫిక్. చిన్న కాలేజీ, డబ్బు తక్కువ, జట్టు అంతంతమాత్రం. 1933 నుంచి 1946 దాకా అక్కడ చేశారు, ఓటములే ఎక్కువ. కానీ 1943లో, యుద్ధం రోజుల్లో నేవీ ట్రైనింగ్ కోసం ఆ కాలేజీకి వచ్చిన కుర్రాళ్ళు జట్టులో చేరడంతో, కాలిఫోర్నియా, యూసీఎల్‌ఏ లాంటి పెద్ద జట్లని ఓడించి ఏడు గెలిచి రెండే ఓడారు. కోచ్‌ల సంఘం ఆయన్ని ఆ ఏటి ఉత్తమ కోచ్‌గా ఎన్నుకుంది. వయసు 81.

పాత యూనివర్సిటీ మీద ఎప్పుడైనా ఆడాడా?

ఆడారు. 1938లో పసిఫిక్ జట్టుని తీసుకుని షికాగో వెళ్ళారు. మైదానం పేరు స్టాగ్ ఫీల్డ్, ఆయన పేరే. పసిఫిక్ 32, షికాగో 0. పగ తీర్చుకున్నాడని రాసేవాళ్ళున్నారు. తను కట్టిన జట్టు అంత బలహీనంగా మిగలడం చూసి ఆయన సంతోషపడి ఉంటారని నేను నమ్మను. మరుసటి ఏడాది డిసెంబర్‌లో షికాగో పెద్ద స్థాయి ఫుట్‌బాల్‌నే మానేసింది.

ఫుట్‌బాల్ గ్రౌండ్‌కీ అణుబాంబుకీ లింకు ఏమిటి?

ఆట ఆగిపోయాక స్టాగ్ ఫీల్డ్ స్టాండ్స్ ఖాళీగా ఉన్నాయి. పడమటి స్టాండ్స్ కింద స్క్వాష్ లాంటి ఆటలాడే కోర్టు ఒకటి ఉండేది. అక్కడ గ్రాఫైట్ ఇటుకలు, యురేనియం పేర్చి ఎన్రికో ఫెర్మీ బృందం 1942 డిసెంబర్ 2న ప్రపంచంలో మొట్టమొదటి నియంత్రిత అణు గొలుసు చర్యని నడిపించింది, అమెరికా అణుబాంబు ప్రయత్నంలో అదొక ముఖ్యమైన మెట్టు. స్టాగ్‌కి దీంతో ఏ సంబంధమూ లేదు, అప్పటికి ఆయన వెళ్ళిపోయి పదేళ్ళు.

కొడుకు దగ్గర అసిస్టెంటుగా పనిచేశాడన్నది నిజమా?

నిజం. పసిఫిక్ నుంచి 84 ఏళ్ళకి బయటికొచ్చాక, పెన్సిల్వేనియా రాష్ట్రంలో సస్కెహానా యూనివర్సిటీలో కోచ్‌గా ఉన్న కొడుకు ఆమోస్ అలోంజో జూనియర్ దగ్గర చేరారు. 1947 నుంచి 1952 దాకా తండ్రీ కొడుకులు కలిసి నడిపారు, 1951 జట్టు ఒక్కటీ ఓడలేదు. ఆ తర్వాత భార్య ఆరోగ్యం బాగోక స్టాక్టన్‌కి తిరిగొచ్చి అక్కడి జూనియర్ కాలేజీలో బంతి తన్నడం నేర్పారు, తొంభై దాటాక.

314 గెలుపుల రికార్డు ఇంకా ఉందా?

లేదు. ఆయన లెక్క 314 గెలుపులు, 199 ఓటములు, 35 డ్రాలు. 1981లో అలబామా కోచ్ బేర్ బ్రయంట్ 315వ విజయంతో దాటారు. ఆ తర్వాత ఇంకొందరు దాటారు. చిన్న కాలేజీల స్థాయిలో జరిగే మూడో డివిజన్ ఫైనల్‌ని ఇప్పటికీ స్టాగ్ బౌల్ అంటారు. స్కాలర్‌షిప్ డబ్బు లేకుండా, ఆట కోసమే ఆడే పిల్లల ఫైనల్‌కి ఆయన పేరు పెట్టడం చాలా బాగా కుదిరింది.

మన తెలుగువాళ్ళకి ఈయనతో సంబంధం ఏమైనా ఉందా?

నేరుగా లేదు. కానీ ఆయన పనిచేసిన స్ప్రింగ్‌ఫీల్డ్ స్కూల్లోనే తర్వాతి తరంలో తయారైన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టారు. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి, మన స్కూళ్ళ డ్రిల్ మాస్టార్లు ట్రైనింగ్‌కి అక్కడికి వెళ్ళేవారు. ఇంకొకటి, పాత స్టాగ్ ఫీల్డ్‌ని 1957లో పడగొట్టాక ఆ స్థలంలో రీగెన్‌స్టీన్ లైబ్రరీ కట్టారు. దక్షిణాసియా పుస్తకాల పెద్ద సేకరణ అందులో ఉంది, తెలుగు పుస్తకాలతో సహా. మనం ఆన్‌లైన్‌లో వెతుక్కునే బ్రౌన్ నిఘంటువుని పెట్టింది కూడా ఆ షికాగో యూనివర్సిటీ వాళ్ళే.